దహబ్: సినాయి ఒడ్డున ప్రశాంతమైన ఊరు - సముద్రం, ఎడారి, తూర్ కొండ

ఈజిప్టులోని సినాయి ద్వీపకల్పానికి తూర్పు ఒడ్డున, అఖబా సింధుశాఖ పక్కన ఉన్న చిన్న ఊరు దహబ్. అరబీలో దహబ్ అంటే బంగారం. ఒకవైపు ఎర్రటి రాతి కొండలు, ఇంకోవైపు ముదురు నీలం నీళ్లు, మధ్యలో సన్నటి ఒడ్డు మీద ఊరు. ఎదురుగా నీళ్లకు అవతల కనిపించే కొండలు సౌదీ అరేబియావి. పొద్దు ఆ కొండల మీద నుంచి పొడిచి, సినాయి కొండల వెనక్కి వాలుతుంది.

దక్షిణాన 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న షర్మ్ అల్ షేక్ పెద్ద హోటళ్లతో, రద్దీతో ఉంటుంది. దహబ్‌లో ఎక్కువగా చిన్న హోటళ్లు, అద్దె గదులే. ఒడ్డు వెంట నడక దారి, దాని పక్కన తివాచీలు, దిండ్లు పరిచిన తినుబండారాల కొట్లు ఉంటాయి. కుటుంబంతో నాలుగు రోజులు నెమ్మదిగా గడపాలనుకునే వారికి ఈ ఊరు బాగా కుదురుతుంది. అయితే ఇక్కడి సముద్రానికీ, ఎడారికీ, కొండకూ కొన్ని హద్దులున్నాయి. వాటిని తెలుసుకుని వెళితే చిన్నపిల్లల నుంచి పెద్దల వరకూ అందరూ చూడగలిగేది చాలా ఉంది. హద్దు దాటినవారిలో కొందరు తిరిగి రాలేదు.

ఊరి నేపథ్యం

ఇది బెదూయిన్ల ఊరు. ఇక్కడివారిలో ఎక్కువమంది ముజైనా తెగవారు. చేపలు పట్టడం, ఒంటెలు, మేకలు మేపడం, ఖర్జూర చెట్లు పెంచడం వారి పాత జీవనాధారాలు. 1967 యుద్ధంలో సినాయి ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్లింది. శాంతి ఒప్పందం తర్వాత 1982 నాటికి దాదాపు పూర్తిగా ఈజిప్టుకు తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఇక్కడ పర్యాటకం ఇంకా పెరిగింది. నేడు బెదూయిన్ కుటుంబాలు ఎక్కువగా అసలా అనే వాడలో ఉంటాయి. ఎడారి ప్రయాణాలకు దారి చూపేది వీరే.

ఊరికి ఉత్తరాన రాస్ అబూ గలూమ్, దక్షిణాన నబ్క్ ప్రాంతాలను ప్రభుత్వం 1992లో రక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. పగడపు దిబ్బలు, మడ చెట్లు, ఎడారి జంతువులు అక్కడ చట్టం రక్షణలో ఉన్నాయి.

బీచ్ అంటే ఇసుకేనా?

దహబ్ వెళ్లేవారు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఊరి నడిబొడ్డున ఉన్న ఒడ్డు మన సూర్యలంక, రామాపురం బీచ్‌ల లాగా ఇసుకతో ఉండదు. రాళ్లూ, పగడపు దిబ్బలే ఎక్కువ. నీళ్లలోకి చెప్పుల్లేకుండా దిగితే సముద్రపు ముళ్ల జీవులు గుచ్చుకుంటాయి. రాయిలాగే కనిపించే స్టోన్ ఫిష్ అనే విషపు చేప కూడా ఉంటుంది. నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు ఇక్కడ తప్పనిసరి.

పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే ఊరికి దక్షిణాన ఉన్న లగూన్‌కు వెళ్లాలి. అక్కడ ఇసుక తిన్నె, లోతు తక్కువ నీళ్లు ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి బలంగా వీస్తుంది కాబట్టి తెరచాప పలకల ఆటకు లగూన్ పేరుపొందింది. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు చిన్నపిల్లల్ని లోపలికి పంపకూడదు.

నీటి కింద లోకం

ఎర్ర సముద్రంలోకి చెప్పుకోదగ్గ నది ఒక్కటీ కలవదు. వానలూ తక్కువే. అందుకే నీటిలో మట్టి ఉండదు, చాలా లోతు వరకు కనిపిస్తుంది. ఉప్పు మాత్రం మామూలు సముద్రాల కన్నా ఎక్కువ. లీటరుకు సుమారు 40 గ్రాములు. చలికాలంలో కూడా నీళ్లు 21 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. వేసవిలో 27, 28కి చేరతాయి.

ప్రపంచంలో చాలాచోట్ల సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చనిపోతున్నాయి. అఖబా సింధుశాఖ పగడాలు మాత్రం వేడిని మిగతావాటి కంటే బాగా తట్టుకుంటున్నాయని పరిశోధకులు గుర్తించారు. అయితే కాలితో తొక్కినా, చేత్తో విరిచినా అవి తట్టుకోలేవు. వేలెడంత పెరగడానికి వాటికి ఏళ్లు పడుతుంది. అందుకే పగడం ముక్క తెంపడం, గవ్వలు ఏరి తెచ్చుకోవడం అక్కడ చట్టవిరుద్ధం.

వీటిని చూడటానికి లోతుకు దిగాల్సిన పనే లేదు. దహబ్ గొప్పతనం అదే. పగడపు దిబ్బ ఒడ్డు నుంచే మొదలవుతుంది. ముఖానికి అద్దం, నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకుని నీటిపై తేలితే చాలు, రంగురంగుల చేపలు, పగడాలు కనిపిస్తాయి. వెలుతురు బాగా అందేది పై పొరలకే కాబట్టి రంగులూ అక్కడే నిండుగా ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది, చివరికి అంతా నీలంగా మారుతుంది. ఈత రానివారు లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ తోడుగా మాత్రమే దిగాలి.

డైవింగ్ నేర్చుకోవాలంటే

ఈత వచ్చి, ఆరోగ్యం బాగున్నవారు డైవింగ్ ప్రయత్నించొచ్చు. సాధారణంగా పదేళ్లు నిండినవారికే నేర్పుతారు. శిక్షకుడి తోడుతో చేసే మొదటి అనుభవంలో 12 మీటర్ల లోతు దాటనివ్వరు. మూడు నాలుగు రోజుల ప్రాథమిక కోర్సు పూర్తిచేసిన పెద్దలకు 18 మీటర్లు, ఆ పై కోర్సు చేసినవారికి 30 మీటర్లు హద్దు. సరదా డైవింగ్‌కు 40 మీటర్లే ఆఖరి గీత.

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి సమస్యలు ఉన్నవారు ముందే డాక్టర్‌ని అడగాలి. గర్భిణులు డైవింగ్ చేయకూడదు. ఆరోగ్య పత్రంలో జబ్బును దాచిపెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే. జలుబు ఉన్న రోజు దిగకపోవడమే మంచిది, చెవుల్లో పీడనం సరికాదు.

మహిళల విషయానికొస్తే, డైవింగ్ సూట్ మెడ నుంచి పాదాల వరకు కప్పుతుంది, తలకు టోపీ కూడా దొరుకుతుంది. స్నార్కెలింగ్‌కు బుర్ఖినీ వేసుకోవచ్చు. మహిళా శిక్షకురాలు కావాలంటే బుక్ చేసుకునేటప్పుడే అడగాలి.

బ్లూ హోల్: అందం, ప్రమాదం

ఊరికి ఉత్తరాన సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, ఒడ్డును ఆనుకునే ఉన్న గుండ్రటి లోతైన గుంట పేరు బ్లూ హోల్. లోతు సుమారు 100 మీటర్లు. దాని అంచు చుట్టూ నీటిపై తేలుతూ చూడటం పిల్లలకూ సాధ్యమే, రోజూ వందలమంది చూస్తారు.

అక్కడి కొండ గోడ మీద మాత్రం కొన్ని పేర్ల పలకలు కనిపిస్తాయి. ఆ గుంటలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి జ్ఞాపకంగా వారి బంధువులు, స్నేహితులు పెట్టినవి అవి. సుమారు 55 మీటర్ల లోతులో గుంట నుంచి బయటి సముద్రంలోకి ఒక సొరంగం ఉంది. దాన్ని ఆర్చ్ అంటారు. అది దాటి రావాలన్న పంతమే చాలామందిని బలి తీసుకుంది.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. నీటిలో ప్రతి 10 మీటర్లకు వాతావరణ పీడనం అంత పీడనం అదనంగా చేరుతుంది. 55 మీటర్ల దగ్గర అది పైనున్న దానికి ఆరున్నర రెట్లు. అంటే నీటిపై పది నిమిషాలు వచ్చే గాలి అక్కడ నిమిషంన్నరకే అయిపోతుంది. పైగా అంత లోతులో నైట్రోజన్ మత్తులా పనిచేస్తుంది, మనిషికి మంచీ చెడూ తోచదు. నీళ్లు తేటగా ఉండటంతో సొరంగం ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. కాబట్టి శిక్షకుడు చెప్పిన లోతే లోతు. ఎవరైనా తక్కువ డబ్బుకు ఆర్చ్ చూపిస్తామంటే ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చేయాలి.

ఎడారి ప్రయాణాలు

దహబ్ నుంచి జీపులోనో, ఒంటె మీదో ఎడారిలోకి వెళ్లొచ్చు. నువైబా వైపున్న రంగుల లోయలో ఎరుపు, పసుపు, ఊదా చారల రాతి గోడల మధ్య మనిషి పట్టేంత సందులు ఉంటాయి. తెల్ల లోయ దాటితే ఐన్ ఖుద్రా అనే ఖర్జూర వనం వస్తుంది. ఆ దగ్గర్లోనే నవామీస్ అనే గుండ్రటి రాతి కట్టడాలున్నాయి. అవి 5,000 ఏళ్లకు పైబడిన సమాధులు. నవామీస్ అంటే అరబీలో దోమలు. దోమల బాధ తప్పించుకోవడానికి బనీ ఇస్రాయీల్ ప్రజలు వాటిని కట్టుకున్నారని స్థానికంగా ఒక కథ చెబుతారు.

రాత్రి బస చేస్తే బెదూయిన్లు నిప్పుల మీద చాయ్ కాచి ఇస్తారు, వేడి బూడిదలో రొట్టె కాలుస్తారు. వారి అనుమతి లేకుండా మహిళల ఫొటోలు తీయకూడదు. ఎడారిలో చలికాలపు రాత్రులు వణికిస్తాయి కాబట్టి ఉన్ని బట్టలు ఉండాలి. కొండల్లో వాన పడితే ఎండిపోయిన వాగుల్లోకి ఒక్కసారిగా వరద వస్తుంది. ఆకాశం మబ్బు పట్టిన రోజు లోయల్లోకి వెళ్లొద్దని గైడ్ చెబితే వాదించకూడదు.

తూర్ కొండ

ముస్లిం కుటుంబాలను సినాయికి ఎక్కువగా ఆకర్షించేది జబల్ మూసా. హజ్రత్ మూసా అలైహిస్సలాంతో అల్లాహ్ మాట్లాడిన తూర్ పర్వతం ఇదేనని శతాబ్దాలుగా ప్రజల నమ్మకం. దివ్య ఖుర్ఆన్‌లో 52వ సూరా పేరే అత్-తూర్. 95వ సూరా అత్-తీన్‌లోనూ సీనీన్ తూర్ ప్రస్తావన ఉంది.

దహబ్ నుంచి కొండ కింది సెయింట్ కేథరిన్ ఊరికి రోడ్డు మీద సుమారు రెండు గంటలు. శిఖరం ఎత్తు 2,285 మీటర్లు. పైన చిన్న మసీదు, చిన్న చర్చి రెండూ ఉన్నాయి. చాలామంది అర్ధరాత్రి దాటాక ఎక్కడం మొదలుపెట్టి పైన సూర్యోదయం చూస్తారు. స్థానిక బెదూయిన్ గైడ్ తోడు ఉండాలి. కొంత దూరం ఒంటె మీద వెళ్లొచ్చు, చివర్లో వందల మెట్లు మాత్రం అందరూ కాలినడకనే ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కింద మఠం చూసి ఆగిపోవచ్చు.

ఆ మఠాన్ని 6వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కట్టించాడు. దాని గోడల లోపల ఫాతిమీల కాలం నాటి మసీదు ఒకటుంది. దైవప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం తమకు రక్షణ పత్రం ఇచ్చారని మఠం వారి సంప్రదాయం చెబుతుంది. దాని నకలు అక్కడ ఉంది. ఆ పత్రం ప్రామాణికతపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నా, క్రైస్తవ మఠం, మసీదు ఒకే ప్రహరీలో ఇన్ని శతాబ్దాలు నిలవడం కళ్లెదుట ఉన్న నిజం. 2002లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

డైవింగ్ తర్వాత వెంటనే కొండ వద్దు

చాలామంది పట్టించుకోని జాగ్రత్త ఇది. డైవింగ్ చేసినప్పుడు రక్తంలో నైట్రోజన్ కరుగుతుంది. వెంటనే ఎత్తైన చోటికి వెళితే, గోళీ సోడా కొట్టగానే బుడగలు పొంగినట్టు, అది ఒంట్లో బుడగలుగా మారుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావొచ్చు. సెయింట్ కేథరిన్ ఊరే 1,500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అందుకే కొండ, ఎడారి ముందు పెట్టుకుని డైవింగ్ తర్వాత పెట్టుకోవడం మేలు. విమానానికీ అంతే. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు, వీలైతే పూర్తిగా ఒక రోజు ఆగాలి.

వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

దారి: దగ్గరి విమానాశ్రయం షర్మ్ అల్ షేక్. అక్కడి నుంచి కారులో గంట, గంటన్నర. తెలుగు రాష్ట్రాల నుంచి గల్ఫ్ నగరాల్లో విమానం మారి వెళ్లొచ్చు. కైరో నుంచి బస్సులో అయితే దాదాపు రోజంతా పడుతుంది. దారిలో చెక్‌పోస్టులు ఎక్కువ, పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోవాలి.

వీసా: ఐరోపా దేశాల వారికి సినాయి వరకు ఉచిత ముద్ర వేస్తారు. భారతీయులు దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు. ఈజిప్టు రాయబార కార్యాలయంలో కనుక్కుని, వీసా చేతికొచ్చాకే టికెట్లు కొనాలి.

భద్రత: 2006 ఏప్రిల్‌లో దహబ్‌లో బాంబు పేలుళ్లు జరిగాయి. ఉత్తర సినాయిలో చాలా ఏళ్లు హింస నడిచింది, అటు వెళ్లకూడదు. బయలుదేరే ముందు భారత విదేశాంగ శాఖ సూచనలు చూసుకోవాలి.

కాలం: మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు అనుకూలం. జూలై, ఆగస్టుల్లో ఎడారి ఎండ భరించలేం. చలికాలంలో కొండ పైన నీళ్లు గడ్డకట్టేంత చలి.

నమాజ్, తిండి: మసీదులున్నాయి, హలాల్ తిండికి ఇబ్బంది లేదు. కొన్ని హోటళ్లలో మద్యం అమ్ముతారు, కావాలంటే అది లేనివి వెతుక్కోవచ్చు. మనకు ఖిబ్లా పడమర అయితే అక్కడ ఆగ్నేయం వైపు. ఎడారిలో గైడ్‌ని అడిగితే చూపిస్తాడు.

డబ్బు: జీపు, ఒంటె, గైడ్ ధరలు ముందే మాట్లాడుకోవాలి. మన హైదరాబాద్ మాటే అక్కడా చెల్లుతుంది: పని బాగా చేసినవారికి బక్షీస్ ఇవ్వడం ఆనవాయితీ.

బీమా: మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు డైవింగ్‌కు వర్తించదు. డైవింగ్ ప్రమాదం, పీడన చికిత్స ఖర్చు అందులో ఉన్నాయో లేదో కాగితం చదివి చూసుకున్నాకే సంతకం చేయాలి.