వింతజీవి గోడు విన్న సీరియల్

అమెరికాలో ఫాక్స్ చానెల్ 1993 సెప్టెంబర్ 10న ‘ది ఎక్స్ ఫైల్స్’ మొదలుపెట్టినప్పుడు, దాన్ని సృష్టించిన క్రిస్ కార్టర్ పెట్టుకున్న ప్రధాన కథ గ్రహాంతరవాసులదీ, ప్రభుత్వ కుట్రదీ. తేలని కేసుల వెంట తిరిగే ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లలో ఫాక్స్ మల్డర్ ఏ వింతనైనా నమ్ముతాడు, డాక్టరు చదివిన డేనా స్కల్లీ రుజువు చూపించమంటుంది. ఆ కథ 11 సీజన్లు, 218 ఎపిసోడ్లు, రెండు సినిమాల దాకా సాగి, సాగేకొద్దీ చిక్కుముడి పడిపోయింది. కుట్ర కథ వివరాలు గుర్తులేనివాళ్ళకు కూడా దానితో సంబంధం లేకుండా ఒక్క వారంలో ముగిసిపోయిన విడి కథలు గుర్తుంటాయి. నా లెక్కలో ఈ సీరియల్ గొప్పతనమంతా వాటిలోనే ఉంది. మొదట్లో వింతజీవిని చూసి బెదిరిన సీరియల్, మెల్లగా దాని గోడు వినడం నేర్చుకుంది.

ఆ విడి కథల్లో మొదటిది మూడో ఎపిసోడ్ ‘స్క్వీజ్’. గ్లెన్ మోర్గన్, జేమ్స్ వాంగ్ జంట రాశారు. యూజీన్ టూమ్స్ ముప్ఫై ఏళ్ళకోసారి నిద్రలేచి, అయిదుగురి కాలేయాలు తిని, మళ్ళీ నిద్రపోతాడు. గాలిగొట్టాల్లోంచి ఒళ్ళు సాగదీసుకుంటూ ఇళ్ళలోకి దూరతాడు. చివర్లో అతన్ని బంధించిన గదికి భోజనం అందించే చిన్న సందు కనిపిస్తుంది. దాన్ని చూసి టూమ్స్ నవ్వుతాడు. భయపెట్టడానికి అంతకంటే ఏం కావాలి? కానీ టూమ్స్‌కు ఆకలి తప్ప వేరే జీవితం లేదు. అతను ఎవరో ఏమిటో మనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు.

అదే జంట నాలుగు నెలలు తిరక్కుండానే ‘బియాండ్ ది సీ’ రాసింది. స్కల్లీ తండ్రి చనిపోతాడు. మరణశిక్షకు సిద్ధంగా ఉన్న హంతకుడు బాగ్స్, ఆమె తండ్రి ముద్దుగా పిలిచే పేరుతో ఆమెను పిలుస్తాడు. ఈసారి అనుమానించేది మల్డర్, నమ్మాలని తపించేది స్కల్లీ. బ్రాడ్ డూరిఫ్ నటన చూస్తే బాగ్స్ మీద అసహ్యమూ జాలీ ఒకేసారి కలుగుతాయి. సీరియల్ గుండె మొదటిసారి కొట్టుకున్నది ఇక్కడేనని నా నమ్మకం.

అసలు మలుపు రెండో సీజన్‌లో, మురుగు కాలువలో మొదలైంది. ‘ది హోస్ట్’లో చెర్నోబిల్ విషం నుంచి పుట్టిన జలగలాంటి మనిషి న్యూజెర్సీ డ్రైనేజీలో తిరుగుతుంటాడు. ఊపిరాడని ఆ రబ్బరు వేషంలో గంటల తరబడి గడిపిన నటుడు గ్లెన్ మోర్గన్ తమ్ముడు డారిన్. కొన్ని నెలలకే అతను కలం పట్టి ‘హంబగ్’ రాశాడు. రాక్షసుడి తోలు తొడుక్కున్నవాడే రాక్షసుడి పక్షాన నిలబడి రాయడం టీవీ చరిత్రలో ఎంత చక్కటి సంగతి!

‘హంబగ్’ జరిగేది ఫ్లోరిడాలో, సర్కస్ కళాకారులు స్థిరపడిన ఊళ్ళో. పొట్టిగా ఉన్న హోటల్ మేనేజరును మల్డర్, మీరూ సర్కస్‌లో చేశారా అని అడుగుతాడు. తాను హోటల్ మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ చదివానని ఆయన మండిపడి, వేషం చూసి మనిషిని అంచనా కట్టేస్తే ఎలాగంటూ మల్డర్ సూటునూ టైనూ చూపిస్తాడు. నిన్ను ఎఫ్‌బీఐ వాడనుకోవడం ఎంత తప్పో ఇదీ అంతేనంటాడు. మల్డర్ నిజంగానే ఎఫ్‌బీఐ కదా! హాస్యంతో పాటు అందులో ఒక మనిషి ఆత్మగౌరవం ఉంది.

ఆ తరువాత 1995 అక్టోబర్ 13న వచ్చిన ‘క్లైడ్ బ్రక్‌మన్స్ ఫైనల్ రిపోజ్’ను మించింది ఈ సీరియల్‌లో లేదు. బ్రక్‌మన్ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే ముసలాయన. ఎదుటివాళ్ళు ఎలా చనిపోతారో ఆయనకు కనిపిస్తుంది. ఆ శక్తి వల్ల ఆయనకు దక్కింది విసుగూ ఒంటరితనమూ మాత్రమే. నేనెలా పోతానని స్కల్లీ అడిగితే, నువ్వు చనిపోవు అని మాత్రం అంటాడు. మన ఇద్దరం చివరికి ఒకే మంచం మీద ఉంటామని కూడా ముందే చెబుతాడు. విన్నప్పుడు అది వెకిలి మాటలా తోస్తుంది. చివరికి ఆయన తనంతట తానే ప్రాణం తీసుకుంటాడు, స్కల్లీ ఆ మంచం మీద కూర్చుని ఆయన చేయి పట్టుకుంటుంది. మరుసటి ఏడాది పీటర్ బాయిల్ నటనకూ డారిన్ మోర్గన్ రచనకూ ఎమ్మీలు వచ్చాయి.

మూడో సీజన్ తరువాత డారిన్ తప్పుకున్నా ఆ దారి మూతపడలేదు. అభిమానిగా స్క్రిప్టు పట్టుకొచ్చి రచయితైన విన్స్ గిలిగన్ దాన్ని తన పద్ధతిలో విస్తరించాడు. 1998 ఫిబ్రవరిలో వచ్చిన ‘బ్యాడ్ బ్లడ్’లో ఒకే సంఘటనను స్కల్లీ ఒకలా, మల్డర్ ఒకలా చెబుతారు. స్కల్లీ కథలో అందగాడైన షెరీఫ్‌కు మల్డర్ కథలో ఎత్తుపళ్ళు మొలుస్తాయి. ఆ నవంబర్‌లోనే వచ్చిన ‘డ్రైవ్’ ఇంకా లోతైనది. కారు పడమరకు వేగంగా పోతున్నంతసేపే ప్రాణం నిలిచే క్రంప్, నోరు విప్పితే జాతి ద్వేషం కక్కే మనిషి. అయినా అతను బతకాలని మనం కోరుకోవాలి. బ్రయాన్ క్రాన్‌స్టన్ అది సాధించాడు. పదేళ్ళకు ‘బ్రేకింగ్ బ్యాడ్’ కోసం అతన్ని తీసుకోవడానికి చానెల్ వాళ్ళు సందేహిస్తే, గిలిగన్ వాళ్ళకు ఈ ఎపిసోడే చూపించి ఒప్పించాడు.

అన్నీ ఈ దారిలో నడవలేదు. నాలుగో సీజన్‌లోని ‘హోమ్’ కఠినంగా, జాలి లేకుండా భయపెట్టింది. ప్రేక్షకులకు ముందే హెచ్చరిక వేసి ప్రసారం చేశారు. గొప్పగా తీసిన ఎపిసోడే, నేను మాత్రం రెండోసారి చూడాలనుకోను. మల్డర్ పాత్ర పలచబడ్డ చివరి సీజన్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. 2002లో సీరియల్ ఆగిపోయింది.

2016లో ఆరు ఎపిసోడ్లతో తిరిగి వచ్చినప్పుడు కుట్ర కథ మళ్ళీ తడబడింది. డారిన్ మోర్గన్ మాత్రం మూడో ఎపిసోడ్‌లో తోడేలు మనిషి కథను తలకిందులు చేశాడు. అడవిలో హాయిగా బతికే బల్లిలాంటి జీవిని మనిషి కరుస్తాడు. అప్పటినుంచి దానికి పగలంతా మనిషి బతుకే. తెల్లారగానే ఉద్యోగం గుర్తొస్తుంది, బట్టలు లేవని సిగ్గేస్తుంది, ముసలితనం కోసం దాచుకోవాలన్న దిగులు పట్టుకుంటుంది. అది సెల్‌ఫోన్లు అమ్మే కొట్లో పనికి కుదిరి, కుక్కపిల్లను పెంచుకుని, బతుకు భారమై శ్మశానంలో కూర్చుని మల్డర్‌కు తన బాధంతా చెప్పుకుంటుంది. అక్కడి సమాధి రాళ్ళలో ఒకదాని మీద కిమ్ మానర్స్ పేరుంది. 2009లో చనిపోయిన ఈ దర్శకుడే ‘హంబగ్’, ‘హోమ్’ రెండూ తీశాడు.

మొత్తం 218 చూసే ఓపిక లేనివాళ్ళు ‘స్క్వీజ్’, ‘బియాండ్ ది సీ’, ‘హంబగ్’, ‘బ్రక్‌మన్’, ‘డ్రైవ్’, ఈ బల్లిమనిషి కథ వరసగా చూడండి. కుట్ర కథ ఒక్క ముక్క తెలియకపోయినా ఎక్కడా అడ్డు తగలదు.