కౌమారంలో స్వీయగాయం: అన్నవరం వైపు నుంచి ఒక పరిశీలన

బిడ్డ మార్కుల కోసం అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకున్నామని తల్లిదండ్రులు నలుగురిలోనూ చెప్పుకుంటారు. ఆ బిడ్డే తన ఒంటిని గాయపరచుకుంటే మాత్రం సంగతి గడప దాటదు. పరువు పోతుందని కప్పిపెడతారు, లేదా "డ్రామాలు" అని కొట్టిపారేస్తారు. ఎక్కువ హాని చేస్తున్నది ఈ రెండో మాటే అని నా అభిప్రాయం.

పలు దేశాల అధ్యయనాలను స్వానెల్ అనే పరిశోధకురాలి బృందం 2014లో క్రోడీకరించింది. చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా ఎప్పుడో ఒకసారి తమను తాము గాయపరచుకున్న కౌమారులు సుమారు 17 శాతమని తేలింది. ఇంతమందీ నటిస్తున్నారని ఎలా అనగలం? 2004లో మనస్తత్వ పరిశోధకులు నాక్, ప్రిన్‌స్టీన్ ఈ చర్య వెనుక కారణాలను రెండు వైపుల నుంచి చూశారు. మొదటిది లోపలిది: భరించలేని భావాన్ని తగ్గించుకోవడం, లేదా మొద్దుబారిన మనసులో కాస్త చలనం తెచ్చుకోవడం. రెండోది బయటిది: ఒత్తిడి నుంచి తప్పించుకోవడం, లేదా తన బాధ ఎవరికైనా తెలిసేలా చేయడం. ఆ తర్వాతి అధ్యయనాల్లో పిల్లలు ఎక్కువగా చెప్పింది లోపలి కారణాలనే. చాలామంది గాయాన్ని దాచుకుంటారు కూడా. చూపించడం కోసమే చేసేవారు దాచుకోరు కదా.

ఉపశమనం కాసేపే. వెంటనే సిగ్గు, తప్పు చేశానన్న భావం ముంచుకొస్తాయి. అవే మళ్లీ భరించలేని బరువవుతాయి. ఇంట్లో పడే తిట్లు ఈ చక్రాన్ని ఆపవు, ఇంకా తిప్పుతాయి. చావాలన్న ఉద్దేశం లేదు కదా అని ఊరుకోవడమూ ప్రమాదమే. ఇలాంటి పిల్లల్లో తర్వాత ఆత్మహత్యాయత్నం జరిగే అవకాశం ఎక్కువ.

కారణాన్ని ఒక్క చదువులోనే వెతకడం సరికాదు. ఇంట్లో హింస, లైంగిక వేధింపులు, తోటివారి ఎగతాళి, డిప్రెషన్ కూడా దీనికి దారితీస్తాయి. అయినా మన ప్రాంతంలో పదో తరగతి కాగానే పిల్లలు వెళ్లే రెసిడెన్షియల్ కాలేజీలను పక్కన పెట్టలేం. రోజంతా స్టడీ అవర్లు, మార్కులను బట్టి సెక్షన్లు; అమ్మతో ఫోన్‌లో మాట్లాడాలన్నా వార్డెన్ దయ ఉండాలి. ఏడుపొస్తే ఏడవడానికి చోటు లేని పదహారేళ్ల పిల్ల ఏం చేస్తుంది?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. వీలైనంతవరకు మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడగొట్టవద్దంది. నియామకం ఒక్కటే చాలదు. బిడ్డ చెప్పిన ప్రతి మాటా సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్‌కు చేరితే రెండోసారి కౌన్సెలర్ గదికి ఎవరూ వెళ్లరు. ప్రాణాపాయం ఉన్నప్పుడు పెద్దలకు చెప్పక తప్పదు. ఆ సంగతి బిడ్డకు మొదటి రోజే చెప్పాలి. కాలేజీలో చెప్పుకోలేనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును హాస్టల్ గోడమీద రాసి, ఫోన్‌ను తాళంవేసిన అల్మరాలో ఉంచితే అది అందినట్టు కాదు.