బ్రౌజర్ చెరలో పాతికేళ్లు

కలకత్తాలోని వాట్‌గంజ్ ఓడల పేట. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే దీనికి నిలిచింది. 1892లో ఖిదిర్‌పూర్ డాక్‌ను తెరిచారు. పక్కనున్న గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది కనుక మన రైల్వే కుటుంబాలకూ ఈ చుట్టుపక్కలు కొత్త కాదు. ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్లో ఫారిన్ సరుకు బేరమాడి కొనడం కలకత్తా మధ్యతరగతికి ముచ్చట. రేవులో దిగే పెట్టెలకు కస్టమ్స్ వాళ్ల తనిఖీ ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్లోకి దిగే సరుకుకు మాత్రం ఇంటివాళ్లే కాపలా. ఆ కాపలాను ఏమార్చడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల కథ ఇది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు తొలి నగరాల్లో కలకత్తా కూడా ఉంది. తర్వాత కొన్నేళ్లకు అసెంబుల్డ్ కంప్యూటర్లు ఇళ్లకు చేరాయి. చాలా ఇళ్లలో విండోస్ కాపీదే. కాపీ అని బయటపడుతుందన్న భయంతో అప్‌డేట్లు ఆపేసేవారు. దాంతో 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లలోని లొసుగులు పూడకుండా ఉండిపోయాయి. అప్పటికే గేటర్, బాంజీ బడ్డీ లాంటివి ఉచిత సాయం పేరుతో చేరి ప్రకటనలు గుప్పిస్తున్నాయి. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ వచ్చి హోమ్‌పేజీనే మార్చేసింది. సరిచేసినా, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసేసరికి తిరిగొచ్చేది. దాన్ని వదిలించడానికి నెదర్లాండ్స్ విద్యార్థి మెరైన్ బెల్లెకోమ్ రాసిన సీడబ్ల్యూష్రెడర్, హైజాక్‌దిస్ సాధనాలు ప్రపంచమంతా వాడారు. ఊరూపేరూ తెలియని ఇంటి కంప్యూటర్ల నుంచి హైజాక్‌దిస్ తీసిన చిట్టాలను వరుస వరుసా చదివి, ఏది తీసేయాలో చెప్పిన స్వచ్ఛంద సేవకులకు ఈ చరిత్రలో మొదటి నమస్కారం దక్కాలి. 2004 ఆగస్టులో ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ వచ్చాక పాపప్‌లకు కొంత అడ్డుకట్ట పడింది.

లొసుగులు మూసుకుపోయేసరికి, బ్రౌజర్‌ను ఇలా చెరపట్టే హైజాకర్లు ‘నెక్స్ట్’ బటన్‌ను పట్టుకున్నారు. వీడియో ప్లేయరో, పీడీఎఫ్ కన్వర్టరో ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో ఒక తెర వస్తుంది. ‘సిఫార్సు చేసిన పద్ధతి’ పక్కన ముందే టిక్కు పెట్టి ఉంటుంది. ‘కస్టమ్’ అన్నది బూడిదరంగులో, నొక్కడానికి వీల్లేనట్టు కనిపిస్తుంది. తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ అంటూ పోతే బాబిలోన్, కాండ్యూట్ టూల్‌బార్లు దిగిపోయేవి. పేరున్న జావా అప్‌డేట్‌తోనే ఆస్క్ టూల్‌బార్ వచ్చేది. మన వెతుకులాటను తమ సెర్చ్ పేజీ మీదుగా తిప్పుకుంటే, అక్కడి ప్రకటనల ఆదాయంలో వాటా దొరుకుతుంది. ఈ వ్యాపారానికి మూలం అదే. ఒక్కో ఇంటి నుంచి వచ్చేది పైసల్లోనే. ఇళ్లు కోట్లలో ఉన్నాయి.

2011లో వచ్చిన యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఈ చెత్తనంతా ఒకేసారి ఊడ్చే పని చేపట్టింది. 2014లో గూగుల్, విండోస్ మీది క్రోమ్‌కు తన స్టోర్ బయటి ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. 2015లో మరో దారుణం బయటపడింది. లెనోవో కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫ్యాక్టరీలోనే సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్ పెట్టారు. కొత్త పెట్టె విప్పినవాడికీ భద్రత లేదని అది తేల్చింది.

భారతదేశం ఎంత లోతులో చిక్కుకుందో 2017లో తెలిసింది. ఫిబ్రవరిలో కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించి, శుభ్రపరిచే సాధనాలు ఉచితంగా ఇచ్చింది. జూన్‌లో చెక్ పాయింట్ సంస్థ, ఫైర్‌బాల్ అనే హైజాకర్ ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో ఉందని, అందులో 2.53 కోట్లు భారత్‌వేనని ప్రకటించింది. ఏ దేశంలోనూ అంతకన్నా ఎక్కువ లేవు. ఆ అంకె అతిగా ఉందని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. 2020లో అడ్రోజెక్ వచ్చింది. ఆగస్టులో రోజుకు 30 వేలకు పైగా కంప్యూటర్లలో కనిపించిందని, దక్షిణాసియాలో ఉద్ధృతంగా ఉందని మైక్రోసాఫ్ట్ తెలిపింది. అది సెర్చ్ ఫలితాల్లో ప్రకటనలు చొప్పించడంతో ఆగలేదు. ఫైర్‌ఫాక్స్‌లో దాచుకున్న పాస్‌వర్డులనూ ఎత్తుకుపోయింది. 2022లో క్రోమ్‌లోడర్, క్రాక్ చేసిన గేములు, సినిమాల వేషంలో తిరిగింది.

ఈ అనుభవం నేర్పిన పద్ధతిలో వరుసే ముఖ్యం. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో తేదీలవారీగా చూసి, బెడద మొదలైన రోజున చేరిన ప్రోగ్రామ్‌ను తీసేయాలి. తర్వాత స్టార్టప్, టాస్క్ షెడ్యూలర్ వెతకాలి. తిరిగి తెచ్చిపెట్టేది అక్కడే కాచుకుని ఉంటుంది. డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ గుర్తుపై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ‘టార్గెట్’ అనే గడి కనిపిస్తుంది. అందులో క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ తర్వాత ఒక వెబ్ చిరునామా వేలాడుతుంటే, సెట్టింగుల్లో హోమ్‌పేజీని ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ఆ తోకను చెరిపేయాలి. ఆపైన సింక్ ఆపి, ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్ అనుమతులు తీసేసి బ్రౌజర్‌ను రీసెట్ చేయాలి. సింక్ ఆపకుంటే దాని ద్వారా పాత ఎక్స్‌టెన్షన్ మళ్లీ దిగుతుంది. ఇంటి కంప్యూటర్లో ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని క్రోమ్ చెబుతుంటే పని ఇంకా పూర్తి కాలేదేమోనని అనుమానించాలి. చివర స్కాన్ చేసి, పాస్‌వర్డులు వేరే శుభ్రమైన పరికరం నుంచి మార్చుకోవాలి.

చట్టం లేకపోలేదు. యజమాని అనుమతి లేకుండా, మోసపూరితంగా కంప్యూటర్లో హానికర ప్రోగ్రాము చొప్పిస్తే, ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయితే ‘మీరే ఒప్పుకున్నారు’ అన్న మాట వెనక హైజాకర్లు దాక్కుంటున్నారు. ముందే టిక్కు పెట్టి, బూడిదరంగులో దాచి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. పాతికేళ్ల చరిత్ర రుజువు చేసింది ఇదే. చట్టమూ దీన్ని స్పష్టంగా చెప్పాలి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2014లో ఎక్స్‌పీకి ముగిసినప్పుడు ఎన్నో ఇళ్లు దాన్నే వాడుతూ పోయాయి. ఈసారి ఆ పని చేయకూడదు. పాత యంత్రాన్ని పొడిగించిన భద్రతా అప్‌డేట్లలో నమోదు చేయాలి, వీలైతే విండోస్ 11కు మార్చాలి, అదీ కుదరకపోతే ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకోవాలి. బాగుచేసేవారు శుభ్రం చేసి డబ్బు తీసుకుని ఊరుకోకుండా, హైజాకర్ ఏ ఫైలుతో వచ్చిందో యజమానికి చూపించాలి. ఎలా వచ్చిందో తెలిసిన ఇంట్లోకి అది రెండోసారి రావడం కష్టం.