వెట్టి తగవు: తెలంగాణపు పోరునకు పూర్వరంగము

శ్రీశైల క్షేత్రమునకు నాలుగు ద్వారములని ప్రసిద్ధి. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట నలంపురము, ఉత్తరమున నుమామహేశ్వరము. భక్తునకు నాలుగును నొక్క స్వామి వాకిళ్లే. కాని 1948వ సంవత్సరమునకు బూర్వ మీ నాలుగు వాకిళ్లును రెండు ప్రభుత్వముల యేలుబడిలో నుండెను. త్రిపురాంతక సిద్ధవటములు చెన్నపురి రాజధానిలోనివి; తక్కిన రెండును నిజాము రాజ్యములోనివి. మల్లికార్జునుని కొండ దిగి పాతాళగంగలో మునిగిన యాత్రికుడు తలయెత్తి చూచిన, నెదుటి యొడ్డున గానవచ్చు నల్లమల నిజాము సీమ.

నదికి దక్షిణమున 1843వ సంవత్సరపు 5వ శాసనము, బానిసపై యజమానునకు హక్కు గలదను వాదమును న్యాయస్థానముల గడప దాటనీయలేదు. ఉత్తరమున నటుతరువాత నూఱేండ్లకును వెట్టిచాకిరి గ్రామజీవనమునకు ఇరుసై యుండెను. అట్లని నిజాము ప్రభుత్వము వెట్టిని మెచ్చినదని తలపరాదు. వెట్టి కూడదని యచ్చటను ఆజ్ఞలు వెలువడినవి. ఇరువైపుల ప్రభుత్వములును గాదన్నదాని కొఱకు ఒకవైపున నేల నెత్తురు పారెనో విచారించుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

వెట్టి యను మాట సంస్కృత ‘విష్టి’ శబ్దమునుండి పుట్టినదని పండితుల మతము. కౌటిల్యుని యర్థశాస్త్రమున విష్టి రాజు కోరదగిన శ్రమగా బేర్కొనబడినది. రాజునకు జెల్లిన శ్రమ కాలక్రమమున రాజోద్యోగికిని, అతని వెనుక గ్రామాధికారికిని, తుదకు భూస్వామికిని జెల్లజొచ్చెను. పేరు మాఱలేదు, పుచ్చుకొనువాడు మాఱెను. రాజధర్మముతో బుట్టిన వాడుక యగుటచేతనే, పుచ్చుకొనువారు దానిని దౌర్జన్యమని యొప్పుకొనక మామూలని వాదించిరి.

నిజాము రాజ్యమున భూమి మూడు తెఱగులుగ నుండెను. ప్రభుత్వము నేరుగ శిస్తు గొనునది దివానీ. ఇది నూటికి దాదాపు 60 పాళ్లు. ప్రభువు సొంత వ్యయమునకైన సర్ఫెఖాసు సుమారు 10 పాళ్లు. మిగిలినది జాగీర్దారులు మున్నగువారిది. తొల్లి శిస్తు వసూలు చేయుచుండిన దేశముఖులును దేశపాండ్యలును సాలారుజంగు సంస్కరణములచే నా యధికారమును గోల్పోయి, దానికి బ్రతిగ రుసుములు వడసిరి. కాని గ్రామముల లెక్కలపై వారి పలుకుబడి తగ్గలేదు. పైమాశీలు జరిగినపుడు వేలకొలది యెకరములు వారి పేర బట్టా యయ్యెను. విసునూరు దేశముఖు క్రింద 40,000 ఎకరము లుండెనని చెప్పుదురు.

ఈ గడీల క్రింద వెట్టి కులవృత్తుల వెంబడి పాకెను. చాకలి దొరయింట బట్టలుదికి యంట్లు తోమవలెను. కుమ్మరి కుండలును, చర్మకారుడు చెప్పులును మోట తోళ్లును, గొల్ల కుఱుమలు గొఱ్ఱెలను, గీతగాడు కల్లును వెలలేక యీయవలెను. అంటరానివారుగ నెంచబడినవారి యిండ్లనుండి వంతు చొప్పున నొకడు వచ్చి, తాకీదులను మూటలను ఊరూరికి మోయవలెను. రైతును దీనికి వెలి గాడు. దొర మడి తడిసినగాని తన మడికి నీరు పెట్టుకొనరాదు. దొరబిడ్డ యత్తవారింటికి బోవునపుడు దాసిగ వెంట బంపబడు బాలికకు ఆడబాప యని పేరు. ఇక భగేలా యనునది యప్పుతో గట్టిన కట్టు. అప్పు తీఱుదాక నప్పుగొన్నవాడు పని చేయును. వాడు గతించిన, కొడుకు చేయును. వడ్డీ లెక్క ఋణదాత చేతిలోనిది కావున నప్పు తీఱుట యరుదు.

తగవు మొదట నర్జీల రూపమున బుట్టెను. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్ర జనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి కార్యదక్షతచే, వెట్టిని గూర్చి ప్రచారము సల్పెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి యాంధ్ర మహాసభ జరిగెను. వారి మార్గము చట్టబద్ధము: ప్రభుత్వ మిదివఱకే యిచ్చిన యాజ్ఞలను ప్రజల కెఱిగించుట, యుద్యోగులకు జ్ఞప్తి చేయుట. 1936లో భగేలా యొప్పందములకు హద్దు లేర్పఱచు శాసనమును వచ్చెను. కాని యీ శాసనములను గ్రామమున నమలు పఱుపవలసినవారు పటేలు పట్వారీలు. వెట్టి పుచ్చుకొనువారిలో వారును నొకరు. తాకీదులు మోయుటయే వెట్టిపనులలో నొకటి యగుటచే, వెట్టిని మాన్పు తాకీదును సైతము వెట్టివాడే మోయవలసిన వింత యేర్పడెను.

ఇచ్చట నమెరికా చరిత్ర జ్ఞప్తికి వచ్చును. అచ్చటను ఒహాయో నది బానిసరాష్ట్రములకును స్వేచ్ఛారాష్ట్రములకును నెల్లయై యుండెను. 1820లో బానిసత్వమునకు భూపటముపై గీత గీచి రాజీపడిరి. 1850లో పాఱిపోయిన బానిసను పట్టి యిచ్చుట స్వేచ్ఛారాష్ట్రములవారికిని విధి యయ్యెను. 1854లో పాత గీతను చెఱిపి, క్రొత్త సీమల నిర్ణయమును అచ్చటి జనులకే విడువగా, కాన్సాసునం దిరుపక్షములవారును ఆయుధములు పట్టిరి. 1857లో పరమోన్నత న్యాయస్థానము నీగ్రోలు దేశపౌరులే కారని తీర్పు చెప్పెను. 1860లో లింకను ఎన్నికైనంతనే దక్షిణ రాష్ట్రములు విడివడజొచ్చెను. 1861 ఏప్రిలు 12వ తేదీన ఫిరంగి మ్రోగెను. ఈ క్రమములో గమనింపదగిన దొక్కటి: ప్రతి రాజీయు తగవును దీర్పక దాని నింకొక మెట్టెక్కించెను. యుద్ధమునకు బదునేడేండ్లకు ముందే, 1844లో, మెథడిస్టు క్రైస్తవ సంఘము బానిసత్వపు తగవుతో రెండుగ జీలెను. నడుమ నిలిచి యిరువురతో మాటలాడగల సంస్థ చీలుట పోరునకు దొలి గుఱుతు.

సరిగా నూఱేండ్లకు, 1944లో, భువనగిరి యాంధ్ర మహాసభయు నట్లే చీలెను. రావి నారాయణరెడ్డిగా రధ్యక్షులు. మితవాదులు వెలికి బోయి వేఱు సభ చేసికొనిరి. మిగిలినది గ్రామములలో ‘సంఘ’మను పేర వ్యాపించెను. అంతవఱకు చదువుకొన్నవారు పేదలకై వ్రాసిన యర్జీ, యిక పేదవాడే దొర మొగము చూచి ‘రాను’ అను మాటగా మాఱెను.

ఆ మాట పలికినవారిలో నగ్రగణ్యురాలు పాలకుర్తి చాకలి యైలమ్మ. పాలకుర్తి యనగనే సాహితీపరులకు పాల్కురికి సోమనాథుడు తోచును. ఆ కవి యా గ్రామమువాడేయని పెక్కుర మతము. పండితారాధ్య చరిత్రమున శ్రీపర్వతమును వర్ణించిన యా మహాకవి, బసవపురాణమున మడివాలు మాచయ్య యను చాకలి భక్తుని కీర్తించెను. ఏడు శతాబ్దముల పిమ్మట నదే యూర నొక చాకలి యిల్లాలు తాను కౌలునకు జేసిన భూమి పంటను దేశముఖు మనుష్యుల కీయనని నిలిచెను. సంఘమువారు కోసి పంట నామె యింటికి జేర్చిరి. కొలది యెకరముల పంట యది. కాని వెట్టి చేయవలసిన కులమునుండి యొక స్త్రీ తన పంట తనదనుట, యెకరములతో గొలువరాని విషయము. 1946 జులై 4వ తేదీన, జనగామ ప్రాంతపు కడవెండిలో, సంఘపు టూరేగింపుపై దేశముఖు మనుష్యులు తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆ దినము మొదలుకొని తగవు తగవుగా నుండలేదు.

1947లో నింగ్లీషువారు వెడలినపుడు నిజాము భారతదేశమున జేరననుటయు, కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు చెలరేగుటయు, 1947 సెప్టెంబరు 11వ తేదీన సాయుధ పోరాటమునకు బిలుపు వచ్చుటయు నెల్లరెఱిగినవే. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము ప్రవేశింప, 17వ తేదీన నిజాము లొంగెను. దళము లంతట నాయుధములు దింపక గోదావరి యడవులకును నల్లమలకును జేరెను. శ్రీశైలమున కెదుటనున్న యమ్రాబాదు పీఠభూమి వఱకు, చెంచుగూడెముల నడుమకు, పోరు వ్యాపించెను. 1951 అక్టోబరులో దానిని విరమించిరి. మూడువేల గ్రామములలో పది లక్షల యెకరములు పంచితిమనియు, నాలుగు వేలమంది మడసిరనియు నుద్యమ నాయకుల లెక్క. జాగీరుల రద్దు 1949లోను, కౌలుదారుల రక్షణ శాసనము 1950లోను వచ్చినవి.

ఈ పోరునకు వెట్టి యొక్కటియే కారణమనుట సరికాదు. భూములనుండి వెడలగొట్టుట, యుద్ధకాలపు లెవీధాన్యము, మాతృభాషకు ఆదరము లేమి, రాజ్యాధికారపు బ్రశ్న యివన్నియు గలసెను. కాని యివన్నియు నూరి నడుమ నొక్క గడీలో గూడుకొని యుండెను; ఆ గడీని గ్రామమునకు గట్టిన త్రాడు వెట్టి. అమెరికాలో యజమానులు బానిసలను నిలుపుకొనుటకై రాజ్యమునుండి విడివడిరి. ఇచ్చట వెట్టివారే గడీనుండి విడివడిరి. ఇదియే యీ రెంటికిని గల ముఖ్యభేదము.

ఇక దక్షిణపు టొడ్డున వారమైన మనము గర్వింపదగినది కొంచెమే. 1843 శాసనము బానిసత్వమును గుఱుతింపననెనే కాని, కరవుసీమలో నప్పుపత్రముపై వేలుముద్ర వేసి యేండ్లతరబడి జీతమున్నవానిని విడిపింపలేదు. అట్టి ఋణములను రద్దుచేయు కట్టుబానిసత్వ నిర్మూలన శాసనము 1976లో గాని దేశమంతటికిని రాలేదు. ఒక యొడ్డున కాగితముపై నాజ్ఞ, యొక యొడ్డున కాగితముపై శాసనము. దానిని నడపువాడును దానివలన నష్టపడువాడును నొక్కడే యైనపుడు, కాగితమెంత మంచిదైనను తగవు కోర్టు విడిచి వీధి కెక్కును. శ్రీశైలము నాలుగు వాకిళ్లును నేడు రెండు రాష్ట్రములం దున్నను, ఒక్క రాజ్యాంగము క్రిందనే యున్నవి. ఆ రాజ్యాంగపు 23వ యధికరణము వెట్టిని పేరు పెట్టి నిషేధించినది. దాని నమలు జేయువా రెవరను ప్రశ్నను చరిత్ర మన యెదుట నుంచియే పోయినది.