నవల చదివే గొంతుకు తొలి పరీక్షకులు

1934లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చూపులేని పాఠకులకు గ్రామఫోన్ రికార్డుల మీద పుస్తకాలు పంపడం మొదలుపెట్టింది. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ పట్టుబడేది కాదు. అలాంటివాళ్లు మళ్లీ స్వతంత్రంగా నవల చదువుకోగలిగింది ఈ ‘టాకింగ్ బుక్స్’ వల్లే. తొలి విడతలో షేక్‌స్పియర్ నాటకాలూ ఉన్నాయి, వుడ్‌హౌస్ హాస్య కథలూ ఉన్నాయి. మరుసటి ఏడాది బ్రిటన్‌లోనూ అగాథా క్రిస్టీ, జోసెఫ్ కాన్రాడ్ రచనలతో ఇలాంటి సేవ మొదలైంది.

అమెరికా రికార్డులో ఒక్కో వైపు సుమారు పావుగంట పట్టేది. ఆ లెక్కన పది గంటల నవలకు ఇరవై రికార్డులు కావాలి. అప్పటికి టేపు వాడకంలోకి రాలేదు కాబట్టి కత్తిరించి అతికించే వీలు లేదు. పద్నాలుగో నిమిషంలో నాలుక తడబడిందా, ఆ వైపంతా మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే.

అయితే తప్పుల్లేకుండా చదివితేనే సరిపోదు. పాత ఇంగ్లిష్ నవలల్లో ముందు సంభాషణ వస్తుంది, అది ఎవరన్నారో, గుసగుసగా అన్నారో కోపంగా అన్నారో ఆ తర్వాత తెలుస్తుంది. గొంతు మాత్రం మొదటి మాటకే సరిగ్గా పలకాలి. పుస్తకాన్ని ముందే ఆసాంతం చదువుకోని మనిషి ఇక్కడ ఇట్టే దొరికిపోతాడు.

నటన పాలు ఎంత ఉండాలన్నది అంతకన్నా పెద్ద పేచీ. ప్రతి పాత్రకూ వేషం కట్టినట్టు గొంతు మార్చడం చాలామంది శ్రోతలకు రుచించలేదు. పాత్రలను ఊహించుకునే పని తమకే వదిలెయ్యాలన్నది వాళ్ల కోరిక. అలాగని ఏకస్వరంగా చదివితే నిద్ర ముంచుకొస్తుంది.

ఈ రెంటి మధ్య దారి పట్టుకున్నవాడు అలెగ్జాండర్ స్కౌర్బీ. గ్రీకు వలస దంపతులకు బ్రూక్లిన్‌లో 1913లో పుట్టిన ఈ రంగస్థల నటుడు 1937 నుంచి అంధుల కోసం చదవడం మొదలుపెట్టి, నాలుగు వందలకు పైగా పుస్తకాలు రికార్డు చేశాడు. హోమర్ ‘ఇలియడ్’తో పాటు మొత్తం బైబిలూ వాటిలో ఉన్నాయి. 1985లో ఆయన పోయాక అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ద బ్లైండ్ ఆయన పేరిట ఉత్తమ పఠనానికి అవార్డు పెట్టింది. విజేతను ఎంచుకునే ఓటు టాకింగ్ బుక్స్ శ్రోతలకే దక్కింది.