పసికందుకు పక్షవాతం: బాలగ్రహం నుంచి ఎంఆర్ఐ దాకా

పక్షవాతం పెద్దవాళ్ల జబ్బని మన గట్టి నమ్మకం. పుట్టిన రెండో రోజే బిడ్డ మెదడులో రక్తనాళం పూడుకుపోవచ్చంటే నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లోనే కాదు, బాగా చదువుకున్న ఇళ్లలోనూ ఆశ్చర్యపోతారు. సుమారు నాలుగు వేల మంది పసికందుల్లో ఒకరికి ఇలా జరుగుతుందని వైద్యుల అంచనా.

ఒక పక్క పడిపోయిన బిడ్డను మన పూర్వులు గమనించకపోలేదు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం, పిల్లలను పట్టి పీడిస్తాయనుకున్న బాలగ్రహాలను వివరిస్తూ, స్కందగ్రహం సోకిన బిడ్డకు ఒక కంట నీరు కారుతుందని, ఒక పక్క చచ్చుబడుతుందని, ఒళ్లు బిగుసుకుంటుందని చెప్పింది. చివరికి మరణమో వైకల్యమో తప్పదంది. అది నేటి స్ట్రోకేనని తేల్చలేం. కానీ లక్షణాలను నిశితంగా చూసిన ఆ కన్నుకు కారణం మాత్రం గ్రహంగానే తోచింది. పల్లెల్లో ఇప్పటికీ వినపడే ‘గాలి సోకింది’ అన్న మాట ఆ ఆలోచనకు కొనసాగింపే.

ఐరోపాలో 1861లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్, పిల్లల అవయవాలు బిగుసుకుపోవడానికి కష్టమైన కాన్పే కారణమని వాదించాడు. మనస్తత్వశాస్త్రంతో పేరు పొందక ముందు నరాల వైద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, 1891లో ఆస్కార్ రీతో కలిసి పిల్లల్లో ఒక పక్క వచ్చే పక్షవాతంపై గ్రంథం రాశాడు. 1897 నాటికి ఆయన లిటిల్ వాదాన్నే ప్రశ్నించాడు: కష్టమైన కాన్పు కారణం కాకపోవచ్చు, కడుపులోనే మొదలైన లోపానికి అది లక్షణం కావచ్చన్నాడు. బతికున్న బిడ్డ మెదడును చూసే దారి లేని ఆ రోజుల్లో వాదం తెగలేదు.

ఆ దారి 1971లో సీటీ స్కాన్‌తో తెరుచుకుంది. 1970ల చివర్లో నడినెత్తి మెత్తదనం మీదుగా అల్ట్రాసౌండ్ చేయడం మొదలైంది. తేలికైన పరీక్షే గానీ, ధమని పూడుకున్న స్ట్రోక్ దానికి చిక్కకపోవచ్చు. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన డిఫ్యూజన్ ఎంఆర్ఐ మొదటి కొద్ది రోజుల్లోనే దెబ్బతిన్న భాగాన్ని చూపిస్తుంది. వారం దాటేసరికి ఆ గుర్తు మసకబారుతుంది.

మన దగ్గర పెద్ద వైద్యం దాకా చేరడమూ ఒక ప్రయాణమే. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి కర్నూలుకు మరో 70. ఈ సీమకు పెద్ద దిక్కైన కర్నూలు వైద్య కళాశాల 1956లో వచ్చింది. నంద్యాల 2022లో జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పెద్ద వైద్యం దగ్గరైన మాట నిజం. కానీ తొలి గుర్తు కనపడేది బిడ్డ పక్కలోనే.

ఆ గుర్తు చాలాసార్లు పుట్టిన మూడు రోజుల్లోపే వస్తుంది. ఒకే చెయ్యి, లేదా ఒకే కాలు, లయగా కొట్టుకుంటుంది. మెల్లగా పట్టుకుంటే మామూలు వణుకు ఆగిపోతుంది, ఫిట్స్ అయితే పట్టుకున్నా అదురుతూనే ఉంటుంది. కొందరు బిడ్డలు ఊపిరి ఆపుతారు, పాలు మానేస్తారు. మధ్యమధ్యలో బాగానే కనపడతారు గనుక ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు. ఆసుపత్రిలో ముందుగా రక్తంలో చక్కెర, కాల్షియం చూసి, ఫిట్స్ ఆపి, ఆపై స్కాన్ తీస్తారు.

రక్తపు గడ్డను కరిగించే మందు పసికందులకు సాధారణంగా వాడరు. అయినా తొందర అవసరమే. ఫిట్స్ ఆపడానికి, చక్కెర తగ్గడం, మెదడువాపు వంటి వేరే జబ్బుల్ని పట్టుకోవడానికి, మెదడు ఎదిగే నెలల్లోనే వ్యాయామ చికిత్స మొదలుపెట్టడానికి సమయం దొరుకుతుంది. తొలి రోజుల్లో జబ్బు బయటపడని బిడ్డ ఏడాది నిండకముందే ఒకే చేతిని వాడుతుంటే అది కూడా హెచ్చరికే.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాల్సిన తొలి రోజు మూడోది. సరిగ్గా ఈ గుర్తు బయటపడే వేళ అది. ఆశా అక్కలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక్కటే మనవి: పసిబిడ్డ ఒక చెయ్యే అదురుతుంటే ఫోన్లో వీడియో తీయండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగకండి.