విశాఖ వేడిగాలి

విశాఖ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ 1990లో రగిలింది. 1828లో స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ నీల్సన్ పేటెంట్ పొందిన వేడిగాలి పద్ధతే దీనికీ మూలం. స్టవ్‌లలో గాలిని వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటించి కొలిమిలోకి ఊదుతారు.

పీడనం మారకుంటే 30 డిగ్రీల గాలి 1100 డిగ్రీలకు చేరేసరికి నాలుగున్నర రెట్లవుతుంది. 1834లో క్లాపేరాన్ కూర్చిన ఆదర్శ వాయు సమీకరణం చెప్పే లెక్క ఇది. ఇంత వేడిలో అది చక్కగా నిలవడం సహజమే. అణువుల వేగం ముందు వాటి పరస్పర ఆకర్షణ లెక్కలోకి రాదు; కొలిమి పీడనమూ కొద్ది వాతావరణాలే కనుక తేడా ఒక శాతం లోపే.

సూత్రం తడబడేది చలిలో. అదే కర్మాగారంలో ఆక్సిజన్ కోసం గాలిని ద్రవంగా మార్చే చోట, 1873లో వాన్ డర్ వాల్స్ గుర్తించిన అణు ఆకర్షణను లెక్కించక తప్పదు.